పక్షవాతం తాతయ్యల జబ్బేనా?

పక్షవాతం అన్న మాట వినగానే మీకు ఎవరు గుర్తుకొస్తారు? వసారాలో నులకమంచం మీద పడుకుని, ఒక చెయ్యి కదలక, మాట ముద్దగా వచ్చే ఓ తాతయ్యో, మామ్మగారో గుర్తుకొచ్చి ఉంటారు. పక్కింటి ముప్ఫై ఎనిమిదేళ్ళ బాబాయి గుర్తుకు రాడు. కాలేజీలో చదువుకునే అక్కయ్య అసలే రాదు. మన ఈ అలవాటుతోనే నా పేచీ. పక్షవాతాన్ని ముసలితనానికి అప్పగించేసి మనమంతా నిశ్చింతగా కూర్చున్నాం. ఆ నిశ్చింత వల్ల నష్టపోయేది ముసలివాళ్ళు కారు, ఇప్పుడు మీ వయసులో ఉన్నవాళ్ళు. ఎందుకలా అంటున్నానో చెబుతాను, మీరే తర్కించి చూడండి.

ముందు ఆ పేరు సంగతి. పక్షం అంటే ఒక పక్క. వాతం అంటే గాలి. శరీరంలో ఒక పక్కకు గాలి కొట్టిందని పూర్వులు అనుకున్నారు. పక్షం అన్నది కంటితో చూసి చెప్పినమాట, అందుకే అది నిలిచింది. వాతం అన్నది ఊహ. నిజానికి దెబ్బ తిన్నది చెయ్యీ కాదు, కాలూ కాదు, మెదడు. మెదడులో కుడి సగం మన ఎడమ పక్కను, ఎడమ సగం మన కుడి పక్కను నడిపిస్తాయి. అందుకని ఏ వైపు మెదడు చెడితే దానికి ఎదుటి పక్క చచ్చుబడుతుంది. ఇప్పటికీ కొన్నిచోట్ల చచ్చుబడిన చేతికి పావురం నెత్తురు రాస్తుంటారు. ఆ చేతిలో లోపమేమీ లేదు. మధ్యలో ఏ పాపమూ ఎరుగని పావురం ప్రాణం పోతుంది, రోగిని ఆసుపత్రికి చేర్చవలసిన విలువైన సమయమూ పోతుంది.

ఆ సమయం ఎంత విలువైనదో చూడండి. మన బరువులో మెదడు రెండు శాతం మాత్రమే. కాని మనం పీల్చే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం అదే వాడుకుంటుంది. పైగా దానికి నిల్వ చేసుకునే అలవాటు లేదు, ఏ నిమిషం ఖర్చు ఆ నిమిషం అందాల్సిందే. మెదడులో ఒక పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్కకట్టాడు. ఈ వాక్యం చదవడానికి మీకు పట్టిన సమయంలో ఎన్ని పోతాయో మీరే భాగించి చూసుకోండి.

మెదడుకు రక్తం అందకపోవడం రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, రక్తనాళంలో గడ్డ అడ్డుపడి దారి మూసుకుపోవడం. పక్షవాతాల్లో ఎక్కువ భాగం, అంటే నూటికి ఎనభై దాకా, ఈ రకానివే. రెండోది, నాళం చిట్లి రక్తం మెదడులోకి కారిపోవడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే మూతి వంకర, అదే వాలిపోయిన చెయ్యి, అదే తడబడే మాట. స్కానింగు తీస్తేగాని పెద్ద డాక్టర్లకైనా ఏది ఏదో తేలదు. ఈ రెండు రకాల తేడాను గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో ఒక చిక్కుముడి విప్పడానికి పనికొస్తుంది.

ఇక వయసు సంగతి. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 19 లక్షల మందికి కొత్తగా పక్షవాతం వచ్చిందని అంచనా. అందులో ముసలివాళ్ళే ఎక్కువ, కాదనను. అయితే 45, 50 ఏళ్ళలోపు వాళ్ళూ తక్కువేం లేరు. వాళ్ళకు ఎందుకొస్తుంది? కారణాలు చాలా ఉన్నాయి. చిన్నతనంలో వచ్చిన కీళ్ళవాత జ్వరం గుండె కవాటాలను పాడుచేసి ఉండవచ్చు. మెడలోని ధమని లోపలి పొర చీలి ఉండవచ్చు. కాన్పు అయిన కొత్తలో కొందరు తల్లులకు మెదడులోని సిరల్లో రక్తం గడ్డకడుతుంది. అందుకే చాలాకాలం డాక్టర్లు సైతం పడుచువాళ్ళ పక్షవాతానికి ఏదో అరుదైన కారణం ఉంటుందని వెతికేవారు. రక్తంలో కొవ్వు, చుట్ట బీడీలు, రక్తపు పోటు అన్నవి పెద్దవాళ్ళ ఖాతాలోనే ఉండేవి.

ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో ఈ ఖాతాను తిరగరాశారు. 1994 నుండి 2007 వరకు అక్కడి ఆసుపత్రికి మొదటిసారి నాళం మూసుకుపోయిన పక్షవాతంతో వచ్చిన 15 నుండి 49 ఏళ్ళవాళ్ళు 1,008 మంది. వాళ్ళ వివరాలన్నీ జాగ్రత్తగా పోగుచేసి 2009లో ప్రచురించారు. రక్తంలోని కొవ్వుల లెక్క సరిగా లేనివారు నూటికి 60 మంది. పొగతాగేవాళ్ళు 44 మంది. రక్తపు పోటు ఉన్నవాళ్ళు 39 మంది. అరుదైన కారణాలు వెతికేవాళ్ళ కళ్ళముందే అతి మామూలు కారణాలు కూర్చుని ఉన్నాయన్నమాట. ఎక్కడో మంచుదేశం కథ మనకెందుకంటారేమో. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్యసంస్థవారు 2007లో ప్రచురించిన పరిశీలనలో దక్షిణ భారతదేశపు పడుచువాళ్ళ గురించే రాశారు. 15 నుండి 45 ఏళ్ళ మధ్య పక్షవాతం వచ్చినవాళ్ళను, రానివాళ్ళతో పోల్చిచూశారు. తేడా కనిపించింది పొగతాగడంలో, రక్తపు పోటులో, చక్కెరలో, ‘మంచి కొలెస్టరాల్’ తక్కువగా ఉండడంలో.

ఇక్కడ మీలో చురుకైనవారు ఒక ప్రశ్న వెయ్యాలి. కొలెస్టరాల్ గుండెపోటుకు కారణమని ఎప్పటినుంచో వింటున్నాం కదా, పక్షవాతం విషయంలో ఇంత ఆలస్యంగా ఎందుకు ఒప్పుకున్నారు? ఇదే నేను చెప్పిన చిక్కుముడి. 1995లో 45 పరిశీలనలను కలిపి, నాలుగున్నర లక్షల మంది వివరాలు లెక్కవేశారు. వాళ్ళలో 13 వేల మందికి పైగా పక్షవాతం వచ్చింది. ఫలితం ఏమిటంటే, కొలెస్టరాల్‌కూ పక్షవాతానికీ సంబంధం కనిపించలేదు! అంత పెద్ద లెక్క తప్పుతుందా?

లెక్క తప్పలేదు, లెక్కలో పేరు తప్పింది. ఒకే పేరు కింద రెండు జబ్బులను కలిపేశారు. అంతకు ముందే, 1989లో, మూడున్నర లక్షల మంది అమెరికన్ మగవాళ్ళ మీద జరిగిన ఒక పరిశీలన ఆ గుట్టు కొంత బయటపెట్టింది. కొలెస్టరాల్ పెరిగేకొద్దీ నాళం మూసుకుపోయిన పక్షవాతంతో చనిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. కొలెస్టరాల్ మరీ తక్కువగా ఉండి, రక్తపు పోటు కూడా ఉన్నవాళ్ళలో మాత్రం నాళం చిట్లి చనిపోయేవాళ్ళు ఎక్కువగా కనిపించారు. ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతోంది. రెండిటినీ కలిపి కూడితే ఏమవుతుంది? సున్నాకు దగ్గరగా వస్తుంది. మీ తరగతిలో సగం మంది మార్కులు పెరిగి, మరో సగం మంది మార్కులు తగ్గితే, సగటు చూసిన హెడ్మాస్టరుగారు ఏ మార్పూ లేదని రాసుకుని వెళ్ళిపోతారు. ఇదీ అంతే. 2006లో వచ్చిన మరో ఫలితం దీన్ని బలపరిచింది. ఒకసారి పక్షవాతమో, దాని తొలి హెచ్చరికో వచ్చిన 4,731 మందిలో సగం మందికి కొలెస్టరాల్ తగ్గించే మందు ఎక్కువ మోతాదులో ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్ళలో మళ్ళీ పక్షవాతం రావడం 16 శాతం తగ్గింది. నాళం చిట్లే రకం మాత్రం కొద్దిగా పెరిగింది. మొత్తం మీద లాభమే ఎక్కువ. అయినా ఆ చిన్న నష్టాన్ని దాచకుండా రాసిన తీరు నాకు ముచ్చటేస్తుంది.

సరే, రక్తంలో ఈ కొవ్వులేమిటి? నూనె నీళ్ళలో కలవదని సాంబారు గిన్నెలోకి చూస్తే తెలుస్తుంది. రక్తం చాలావరకు నీరే. అందులో కొవ్వు ప్రయాణం చెయ్యాలంటే దానికో బండి కావాలి. ప్రొటీనుతో చేసిన ఆ బండ్లనే లైపోప్రొటీన్లు అంటారు. కాలేయం నుంచి కణాలకు కొలెస్టరాల్ మోసుకుపోయే బండి ఎల్.డి.ఎల్. మిగిలినదాన్ని కాలేయానికి తిరిగి చేర్చే బండి హెచ్.డి.ఎల్. మొదటిదాన్ని చెడ్డ కొలెస్టరాల్ అనీ, రెండోదాన్ని మంచి కొలెస్టరాల్ అనీ పిలవడం వాడుక అయిపోయింది. కొలెస్టరాల్ రెండిట్లోనూ ఒక్కటే, బండ్లే వేరు. అసలు కొలెస్టరాల్ లేకపోతే మన కణాలకు గోడలే ఉండవు. మన కాలేయమూ ఇతర కణాలూ రోజూ దాన్ని తయారుచేసుకుంటూనే ఉంటాయి. శరీరంలో ఉన్న దానిలో ఎక్కువ భాగం స్వయంగా వండుకున్నదే, కంచంలోంచి వచ్చింది తక్కువ. ఇవి కాక ట్రైగ్లిసరైడ్లు అనే మరో రకం కొవ్వు ఉంది. మనం తిని ఖర్చుపెట్టని శక్తిని శరీరం ఆ రూపంలో దాచుకుంటుంది.

రక్తపరీక్ష కాగితంలో ఎల్.డి.ఎల్. 100 అని రాస్తే, రక్తంలోని ద్రవభాగంలో డెసీలీటరుకు 100 మిల్లీగ్రాములని అర్థం. లీటరుకు ఒక గ్రాము. పెద్దవాళ్ళ ఒంట్లో ఆ ద్రవం మూడు లీటర్ల దాకా ఉంటుంది. అంటే మొత్తం కలిపి మూడు గ్రాములు, చెంచాడు పంచదార కూడా కాదు! 200 ఉంటే ఆరు గ్రాములు. ఈ మూడు గ్రాముల తేడాకే ఇంత గొడవా అనిపిస్తుంది. కాని ఆ మూడు గ్రాముల తేడా ఒక్కరోజుది కాదు, ముప్ఫై ఏళ్ళపాటు రాత్రీ పగలూ ధమనుల గోడలను రాసుకుంటూ పోయేది.

ధమని గోడ అనగానే చాలా పుస్తకాల్లో వంటింటి తూము బొమ్మ వేస్తారు. జిడ్డు పేరుకుని తూము మూసుకుపోయినట్టు, కొవ్వు పేరుకుని రక్తనాళం మూసుకుపోతుందని రాస్తారు. నాకా పోలిక నచ్చదు. తూములో జిడ్డు గోడ మీద అంటుకుంటుంది. ధమనిలో కొవ్వు గోడ లోపలికి దూరుతుంది. ఎల్.డి.ఎల్. బండి ఎంత చిన్నదంటే, సుమారు 45 వేల బండ్లను పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు. అది ధమని లోపలి పొర దాటి గోడలోకి వెళ్ళి అక్కడ చిక్కుకుంటుంది. దాన్ని ఊడ్చెయ్యడానికి తెల్లకణాలు వస్తాయి. కొవ్వును మింగి మింగి, నురుగు బుడగల్లా ఉబ్బి, అవి కూడా అక్కడే చిక్కుకుపోతాయి. గోడలో పసుపుపచ్చని చార ఏర్పడుతుంది. ఏళ్ళు గడిచాక అది గడ్డగా పెరిగి, దానిపైన ఒక మూత తయారవుతుంది. ఒకరోజు ఆ మూత పగులుతుంది. గాయమైందనుకుని రక్తం అక్కడ గడ్డకడుతుంది. పాపం, రక్తం తన ధర్మం తాను చేసింది. ఆ గడ్డ అక్కడే దారి మూయవచ్చు, లేదా మెడలోని ధమని నుంచి కొట్టుకుపోయి మెదడులోని సన్నని నాళంలో ఇరుక్కోవచ్చు. మంచం పట్టిన మనిషిని చూసి, నిన్నటిదాకా బాగానే ఉన్నాడండీ అంటాం. నిన్నటిదాకా బాగాలేడు, మనకు తెలియలేదంతే.

ఎప్పటినుంచి బాగాలేడు? ఇదీ నా వాదనకు ఆయువుపట్టు. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకు కొలెస్టరాల్ తినిపించి వాటి ధమనుల్లో ఇలాంటి చారలు తెప్పించాడు. ఆకులు తినే జంతువుకు అలాంటి తిండి పెడితే రాక ఏమవుతుందని చాలామంది కొట్టిపారేశారు. 1953లో అమెరికా సైనిక వైద్యులు కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది సైనికుల గుండెలను పరీక్షించారు. ఆ సైనికుల సగటు వయసు 22. మంచి దేహదారుఢ్యం చూసి ఏరికోరి సైన్యంలో చేర్చుకున్న కుర్రాళ్ళు. వాళ్ళలో 77 శాతం మంది గుండె ధమనుల్లో కంటికి కనిపించే మార్పులున్నాయి. కుందేళ్ళ సంగతి నవ్వులాట కాదని అప్పుడు తెలిసింది.

ఇంకా వెనక్కి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే చిన్న ఊళ్ళో బెరెన్సన్ అనే వైద్యుడు 1970లలో బడిపిల్లల రక్తం, రక్తపు పోటు, బరువు కొలవడం మొదలుపెట్టాడు. ఆ పని దశాబ్దాల తరబడి సాగింది. ప్రమాదాల వల్లా, ఇతర కారణాల వల్లా చిన్నవయసులోనే చనిపోయిన 204 మంది ధమనులను పరీక్షించి 1998లో ఫలితాలు చెప్పారు. 2 నుండి 15 ఏళ్ళ పిల్లల్లో సగం మంది గుండె ధమనుల్లో అప్పటికే కొవ్వు చారలున్నాయి. బతికుండగా కొలిచినప్పుడు ఎవరికి ఎల్.డి.ఎల్., రక్తపు పోటు, బరువు ఎక్కువగా ఉన్నాయో వాళ్ళలో చారలూ ఎక్కువే. ఇవి గుండె ధమనులే, మెదడు లోపలి నాళాల్లో ఇదే పని కొంత ఆలస్యంగా మొదలవుతుంది. భయపడకండి, చారలన్నీ గడ్డలుగా మారవు, కొన్ని తగ్గిపోతాయి కూడా. కాని మీరిప్పుడు ఏ వయసులో ఉన్నారో ఒకసారి చూసుకోండి. పక్షవాతం తాతయ్యల జబ్బే అనుకుందాం. దాని మొదటి అధ్యాయం మాత్రం బడిపిల్లల వయసులో రాయడం మొదలవుతుంది.

అందరిలో ఒకే వేగంతో రాయదు. కొందరు పుట్టుకతోనే ఎల్.డి.ఎల్. ఎక్కువగా పుడతారు. ఎందుకో 1970లలో అమెరికాలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు మిత్రులు కనిపెట్టారు. ఎల్.డి.ఎల్. బండిని కణంలోకి లాక్కోవడానికి కణం పైపొర మీద ఒక కొక్కెం ఉంటుంది. దాని జన్యువు చెడితే కొక్కేలు తగ్గిపోతాయి, బండ్లు రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతాయి. ఈ పనికి వాళ్ళకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక చెడిన జన్యువు వచ్చినవాళ్ళు సుమారు ప్రతి 250, 300 మందిలో ఒకరుంటారు. వెయ్యి మంది చదివే బడిలో ముగ్గురో నలుగురో అన్నమాట. ఇద్దరి నుంచీ వచ్చినవాళ్ళు చాలా అరుదు. కాని అలాంటి పిల్లలకు చికిత్స లేకపోతే ఇరవై ఏళ్ళలోపే గుండెపోటు రావచ్చు. మన తెలుగునాట మేనరికాలు ఎక్కువని మీకు తెలుసు. ఒకే చెడు జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశం అలాంటి పెళ్ళిళ్ళలో పెరుగుతుంది. ఈ లోపం ముందుగా దెబ్బతీసేది గుండెను, మెదడు వంతు ఆ తర్వాత.

మరో వంశపారంపర్యపు కొవ్వు ఉంది. దాని పేరు లైపోప్రొటీన్-ఎ. నార్వే దేశపు కారె బెర్గ్ 1963లో కనిపెట్టాడు. ఎల్.డి.ఎల్. బండికి ఒక అదనపు తోక తగిలించినట్టుంటుంది. ప్రతి అయిదుగురిలో ఒకరికి ఇది ఎక్కువగా ఉంటుంది. తిండి మార్చినా, వ్యాయామం చేసినా దాదాపు మారదు. అందుకని జీవితంలో ఒక్కసారి కొలిపించుకుంటే చాలు. ఇలాంటివి చూసినప్పుడు, పక్షవాతం వచ్చిన ముప్ఫై ఏళ్ళవాణ్ణి పట్టుకుని, ‘నువ్వు తిన్న వేపుళ్ళ వల్లే’ అని దెప్పడం ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

అలాగని తిండికి సంబంధం లేదనుకోకండి. మన దేశంలో కొవ్వుల లెక్క తప్పే తీరు వేరుగా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి నాలుగు ప్రాంతాల్లో చేయించి 2014లో వెలువరించిన పరిశీలనలో కొలెస్టరాల్ ఎక్కువున్నవాళ్ళు నూటికి 14 మందే. హెచ్.డి.ఎల్. తక్కువున్నవాళ్ళు మాత్రం 72 మంది! ట్రైగ్లిసరైడ్లు ఎక్కువున్నవాళ్ళు సుమారు 30 మంది. కూర కొంచెం, అన్నం కొండంత తినడం, పంచదార, కూర్చుని చేసే పనులు, పొట్ట పెరగడం, ఇవన్నీ లెక్కను ఈ వైపుకే తోస్తాయి. పొగాకు కూడా హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుంది. మరి హెచ్.డి.ఎల్.ను పెంచే మందు వేస్తే సరి కదా అంటారు. అలాంటి మందు తయారుచేశారు కూడా. అది హెచ్.డి.ఎల్.ను బాగా పెంచింది, మరణాలనూ పెంచింది. 2006లో ఆ ప్రయోగాన్ని అర్ధాంతరంగా ఆపేశారు. హెచ్.డి.ఎల్. తక్కువగా ఉండడం ఇంట్లో మంట ఉందని చెప్పే పొగ లాంటిది కావచ్చు. పొగను విసిరికొడితే మంట ఆరదు కదా.

ఈసారి కొట్టుకు వెళ్ళినప్పుడు నూనె ప్యాకెట్ల మీది రాత చదవండి. ‘కొలెస్టరాల్ లేదు’ అని గొప్పగా వేసుకున్నవి కనిపిస్తే నవ్వుకోండి. కొలెస్టరాల్ జంతువుల్లో తయారయ్యేది. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, పామాయిలు, వీటిలో దేనిలోనూ చెప్పుకోదగినంత ఉండదు. ‘మా అరటిపండులో ఎముకలు లేవు’ అన్నట్టుంది ఆ ప్రకటన. చూడవలసింది సంతృప్త కొవ్వు ఎంత, ట్రాన్స్ కొవ్వు ఎంత అన్నది. ఒకప్పుడు మన మిఠాయిలన్నిటికీ ఆధారమైన వనస్పతిలో ఈ ట్రాన్స్ కొవ్వు విపరీతంగా ఉండేది. అది ఎల్.డి.ఎల్.ను పెంచి హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుంది. నూనెల్లో దాన్ని 2 శాతానికి మించనీయకూడదన్న నియమం మన దేశంలో 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఇక మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డును కొలెస్టరాల్ భయంతో వదిలేసే పిల్లలుంటే, నిశ్చింతగా తినమని నా సలహా.

ఇప్పుడు నా అభిప్రాయం. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఓటరు జాబితాలో పేరు రాయించుకుంటారు. మోటారు సైకిలు లైసెన్సు కోసం పరుగెత్తుతారు. ఆ సంవత్సరమే ఒకసారి రక్తంలో కొవ్వుల పరీక్ష చేయించుకోవడం కూడా మామూలు అలవాటు కావాలి. ఇది నా సొంత పైత్యం కాదు. భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన సూచనల్లో మొదటి పరీక్ష 18 ఏళ్ళకే చేయించమంది, కుటుంబంలో చిన్నవయసు గుండెజబ్బులుంటే ఇంకా ముందే చేయించమంది. పరగడుపున రావాలన్న పాత నియమాన్ని కూడా చాలావరకు సడలించింది. అమెరికాలో 2011 నుంచి 9, 11 ఏళ్ళ మధ్యనే చూడమంటున్నారు. ఇరవై లక్షల పైచిలుకు జనాభా గల చిన్న దేశం స్లోవేనియాలో 1995 నుంచి అయిదేళ్ళ పిల్లల వైద్య పరీక్షలో కొలెస్టరాల్ కూడా కొలుస్తున్నారు. మనదగ్గర ప్రభుత్వం వారు జబ్బు రాకముందే జనాన్ని పిలిచి చూసేది 30 ఏళ్ళు దాటాక. అదీ రక్తపు పోటు, చక్కెర, కొన్ని క్యాన్సర్లు. బడిపిల్లల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ముప్ఫై లోపాలను చూస్తుంది. వాటిలో కీళ్ళవాత జ్వరం వల్ల వచ్చే గుండెజబ్బు ఉండడం సంతోషం. రక్తంలో కొవ్వుకు మాత్రం చోటు లేదు.

దీన్ని కాదనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటల్లో బలముంది. రక్తహీనతతో బాధపడే పిల్లలు ఇంతమంది ఉండగా కొలెస్టరాల్ లెక్కలా అంటారు. ఆరోగ్యంగా ఆడుకునే కుర్రవాడి చేతిలో ఒక అంకె పెట్టి వాణ్ణి రోగిని చేస్తారా అంటారు. మందుల వ్యాపారానికి కొత్త గిరాకీ అంటారు. మొదటి మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు, డబ్బు ఎక్కడ ముందు ఖర్చుపెట్టాలన్నది పెద్ద ప్రశ్నే. రెండో మాటకు ఉంది. పద్దెనిమిదేళ్ళకు కొలిచిన చాలామందికి మాత్ర అక్కర్లేదు, తిండీ, నడకా, పొగాకు జోలికి పోకపోవడమూ సరిపోతాయి. నిజంగా మందు అవసరమయ్యేది ఆ 250 మందిలో ఒకరికి. ఆ ఒకరికి మాత్రం ఆలస్యమైతే మళ్ళీ దొరకని అవకాశం అది. మూడో మాటకు జవాబు, ఈ మందుల్లో పాతవి ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. వీటిలో మొదటిదాన్ని జపాన్‌లో అకిరా ఎండో ఆరువేలకు పైగా శిలీంధ్రాలను వెతికి 1973లో ఒక బూజులో పట్టుకున్నాడు. మన ఇళ్ళలో పాడైపోయిన పండు మీద పట్టే బూజుకు చుట్టమే అది.

అందరికీ ఒక్కసారే చెయ్యలేమంటే, మొదలుపెట్టవలసిన చోటు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. యాభై ఏళ్ళలోపు పక్షవాతమో, గుండెపోటో వచ్చిన ప్రతి మనిషి ఇంట్లో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు పరీక్ష చెయ్యాలి. వంశపారంపర్యపు లోపమైతే వాళ్ళలో సగం మందికి ఉండే అవకాశముంది. గడ్డివాములో సూది వెతకడం కాదిది, సూది డబ్బాలోనే వెతకడం. విచారమేమిటంటే, రోగి ఇంటికి వచ్చాక చుట్టాలు పళ్ళు పట్టుకుని పరామర్శకు వస్తారు గాని, తమ రక్తం చూపించుకోవాలని వాళ్ళకు ఎవరూ చెప్పరు.

రక్తపు పోటు సంగతి మరిచిపోయాననుకోకండి. 32 దేశాల్లో జరిపి 2016లో ప్రచురించిన పరిశీలనలో పక్షవాతపు ముప్పులో తొంభై శాతం దాకా పది కారణాలతోనే లెక్క తేలింది. వాటిలో పెద్దన్న రక్తపు పోటే. కొవ్వులు తమ్ముళ్ళలో ఒకరు. కాని అన్నదమ్ములు కలిసి తిరుగుతారు. పొగతాగే అలవాటు, పోటు, కొవ్వు మూడూ ఒకరిలోనే చేరితే ఒక్కొక్కదాని బలం పెరుగుతుంది. ఎవరికైనా మూతి వంకరపోయి, చెయ్యి పైకెత్తలేక, మాట తడబడితే ఏ సమయానికి మొదలైందో గడియారం చూసి రాసుకుని వెంటనే 108కి ఫోను చెయ్యండి. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. కాసేపట్లో తగ్గిపోయినా సరే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, అది తొలి హెచ్చరిక కావచ్చు.

ఈ ఆదివారం మీకో పని. ఒక తెల్లకాగితం తీసుకుని మీ వంశవృక్షం గీయండి. తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, పెదనాన్నలు, మేనమామలు, మేనత్తలు, పిన్నులు, వాళ్ళ పిల్లలు. ఎవరికి పక్షవాతమో గుండెపోటో వచ్చిందో, ఏ వయసులో వచ్చిందో పక్కన రాయండి. ‘హఠాత్తుగా పోయాడు’ అని చెప్పేవాళ్ళ వయసు తప్పకుండా అడగండి. ఎవరికైనా మడమ వెనక నరం లావుగా ఉబ్బి ఉందేమో, వేళ్ళ కణుపుల మీద గట్టి ముద్దలున్నాయేమో చూడండి, అవి పుట్టుకతో వచ్చే కొవ్వు లోపానికి గుర్తులు. పెద్దవాళ్ళు మొదట విసుక్కుంటారు, తర్వాత వాళ్ళే ఒకరి మాట ఒకరు సరిదిద్దుతూ చెబుతారు. ఆ కాగితంలో యాభైకి తక్కువ అంకె ఒకటి కనిపించినా, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని అమ్మానాన్నలతో మీ ఊరి డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి.